ఈల జేబులో పెట్టుకునే సారు

పోయినేడు శివరాత్రి మరునాడు, సాయంత్రం ఐదుంబావు. ఆత్మకూరులో కాలేజీల కబడ్డీ సెమీఫైనల్. చివరి కూతలో మా ఉదయగిరి ఆటగాడు హద్దు గీత తొక్కాడని రిఫరీ ఔటిచ్చాడు. ఆత్మకూరు జట్టు చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

బయట టీ అంగట్లో, గీత తొక్కాడని ఆత్మకూరు అల్లుడు, తొక్కలేదని నేను, మాటామాటా పెరిగింది.

"ఇంక మీ గడప తొక్కను."

"తొక్కబాక మామా."

అంతలో ఆ రిఫరీ టీకి వచ్చాడు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు మెడలో ఈల తీసి జేబులో పెట్టుకోవడం ఆయన అలవాటని ఆట జరిగేటప్పుడే గమనించాను. అలాగే పెట్టుకుని చెప్పాడు.

"పొరపాటు నాదే పెద్దాయనా. మనుషులు అడ్డమొచ్చినారు. గీత కనపడకుండానే ఊదేసినాను."

అల్లుడు తల గోక్కున్నాడు. "నాకూ తొక్కినట్టు కనపళ్ళేదులే మామా. ఇంటికి పోదాం రా, మీ కూతురు చూస్తా ఉంటాది."

నాకు ఊపిరాడింది.

ఆ రోజు అక్కడున్నది నేను, అల్లుడు రమణయ్య, టీ కాచే మస్తాను, ఆ సారు. ఆయన పేరు ఎవరమూ అడగలేదు.