బానెట్ మీద బొట్టు

మా షాపులో పని పూర్తయిన ప్రతి కారుకీ బానెట్ మీద కాస్త నూనెతో కుంకుమ బొట్టు పెట్టి పంపడం నా అలవాటు. మా ఆయనకి అది అస్సలు నచ్చేది కాదు. "పొద్దుట్నుంచీ మరక లేకుండా నేను తుడిస్తే, చివర్లో నువ్వొచ్చి మరక పెడతావు" అని సణిగేవారు. సణగనీ అనుకునేదాన్ని. ఆయన నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఘాజియాబాద్‌లో కార్లు మెరిపించే షాపు పెడతానన్నప్పుడు నేను సణిగానా?

షాపు బాగానే నడిచింది, ఎదుటి వరసలో ఇంకో షాపు తెరిచేదాకా. రంగు పాడవకుండా కారు మీద వేసే పూతని కోటింగ్ అంటారు. మా రేటులో సగానికే వేస్తామని వాళ్లు బోర్డు పెట్టారు. మాకు కార్లు రావడం తగ్గిపోయింది. దీపావళి వెళ్లాక అద్దె ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. ఆలోపు పెద్ద పనేదైనా దొరక్కపోతే షట్టర్ దించేసి, ఆయన మళ్లీ ఉద్యోగం చూసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. సరే అన్నారు గానీ, పెరుగన్నం ముందు కూర్చుని తినకుండా కెలుకుతూ ఉండిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

అలాంటప్పుడు దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ అంకుల్ వచ్చాడు. రిటైరైన పెద్దమనిషి. "బేటా, నువ్వూ సగం రేటుకి చెయ్యి. ముందు నా కారు చూస్తాను. బాగుంటే సొసైటీలో కార్లన్నీ మీకే పంపిస్తా" అన్నాడు మా ఆయనతో.

ఎగిరి గంతేశాను. మా ఆయన మాత్రం గంతెయ్యలేదు. మేం వాడే కోటింగ్ మందుతో ఆ రేటుకి చేస్తే చేతి డబ్బులు పోతాయి. చివరికి మందులమ్మే మనిషి దగ్గర చవక రకం ఒకటి తెచ్చారు. "చూట్టానికి తేడాయే తెలీదు భాభీజీ" అని ఆ మనిషి నాకు కూడా చెప్పాడు. ముందు మన కారుకే వేసి చూద్దామన్నాను. వేసి, కొన్నాళ్లు ఆరనిచ్చాం. అద్దంలా మెరిసింది. ఈ మాత్రానికేనా ఇంత దిగులు పడ్డాం అనుకుని, శుక్రవారం నాడు బొట్టు పెట్టాను.

మర్నాడు ఎండెక్కాక ఆయన బానెట్ తుడిచారు. బొట్టు పోలేదు. సబ్బునీళ్లతో రుద్దారు. ఎరుపు పోయి గులాబీ రంగు మచ్చ మిగిలింది. మా మామూలు కోటింగ్ మీద అలా ఎప్పుడూ మిగల్లేదు. ఆయన నీళ్ల బకెట్ పక్కనే చతికిలబడ్డారు.

"ఇదే అంకుల్ కారుకి వేసుంటే?"

"బొట్టు వద్దని రోజూ గొడవ చేసేవారుగా! ఇప్పుడు దానికే దణ్ణం పెట్టుకోండి" అన్నాను. పైకి అలా అన్నానే గానీ, గుడ్డ లాక్కుని నేనూ ఇంకోసారి రుద్ది చూశాను.

వంట చేస్తూ అదే ఆలోచన. ఇంట్లో నెయ్యి తక్కువైతే అందులో డాల్డా కలపం కదా. ఉన్న నెయ్యే పప్పన్నంలోకి వేసుకుని, మిగతా అన్నం నెయ్యి లేకుండా తింటాం. గరిటె చేత్తో పట్టుకునే ఆయన దగ్గరికొచ్చాను. "ఎండా, పిట్టల రెట్టలూ పడేది ఎక్కడండీ? కప్పు మీదా, బానెట్ మీదా, డిక్కీ మీదా. మంచి మందే అక్కడ వరకూ వేద్దాం. పక్కలకి ఉత్త వ్యాక్స్."

ఆయన కాసేపు లెక్క వేసుకుని, "సరిపోతుందే!" అన్నారు.

అంకుల్‌కి దాపరికం లేకుండా చెప్పాను. పక్కలకి కోటింగ్ ఉండదనీ, వ్యాక్స్ రెండు మూడు నెలల్లో పోతుందనీ.

"ఎదుటి షాపువాడు మొత్తం చేస్తానంటున్నాడే!"

అయితే అక్కడికే వెళ్లండని నోటిదాకా వచ్చింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన వెనక నుంచి దగ్గారు. మింగేశాను. అంకుల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఠీక్ హై" అన్నాడు.

కారు చేసి, బాగా ఆరాక ఇచ్చాం. దీపావళికి అంకుల్ ఏం చేశాడనుకున్నారు? బానెట్ నిండా నెయ్యీ సింధూరంతో ఇంత పెద్ద స్వస్తిక్ గీశాడు. పండగ వెళ్లేదాకా తుడవకూడదట. నా చిన్న బొట్టు ఏ మూలకి! ఆ సొసైటీ మీదుగా వెళ్లినప్పుడల్లా ఎండలో ఆ ఎరుపు చూసి ప్రాణం ఉసూరుమనేది.

పండగయ్యాక కారు తెచ్చి, "నా ఎదురుగా తుడవండి" అన్నాడు. మా ఆయన తడిగుడ్డ నా చేతిలో పెట్టి, "బొట్ల వ్యవహారం నీది. నువ్వే తుడువు" అన్నారు.

తుడిచాను. మొత్తం వచ్చేసింది. గుడ్డంతా ఎరుపు, బానెట్ మీద మాత్రం ఏమీ లేదు. అంకుల్ వేలితో రాసి చూశాడు, వంగి తన మొహం చూసుకున్నాడు. "అచ్ఛా!" అని ఫోన్ తీసి, మా షాపుకి కారు తీసుకు రమ్మని సొసైటీలో ఎవరికో హిందీలో చెప్పాడు. నేను అక్కడున్న స్టూల్ మీద కూలబడ్డాను. ఇన్నాళ్లకి ఊపిరాడింది.

షట్టర్ దించాల్సిన అవసరం రాలేదు. ఆ పూట మా ఆయన పెరుగన్నం రెండోసారి వేయించుకు తిన్నారు.

సొసైటీ నుంచి వచ్చిన తర్వాతి కారు పనయ్యాక, ఆయనే వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి నాకిచ్చారు.

"పెట్టు. కానీ బానెట్ మీదే పెట్టు తల్లీ, పక్కల మీద వద్దు."