చిన్న బండి ముందు

నేను తిరుపతిలో అల్గారిథమ్‌ల మీద పరిశోధన చేస్తాను. పెన్ను, కాగితం, ఒక తెల్లబోర్డు. "దీంతో ఎవరికేం ఒరిగింది?" అని ఇంట్లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. అందుకే చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు, గేటు ముందు బండ్ల వరుసకు ఏదైనా ఉపాయం చెప్పమన్నప్పుడు ఎగిరి గంతేశాను.

నియమం పాతదే. తక్కువ సరుకున్న బండిని ముందు దించితే సగటు ఎదురుచూపు అన్నిటికన్నా తగ్గుతుంది. దాన్ని ఆ గేటుకు అమర్చడమే నా పని. ప్రతి బండికీ ఒకే విలువ అనుకుందాం అని మొదటి వాక్యంలోనే రాసుకున్నాను. అలా అనుకుంటే లెక్క తేలిక.

కాయ దిగే రోజుల్లో మా పెద్దమ్మ కొడుకు ఆ గేటు దగ్గర నుంచే ఫోన్ చేశాడు. మా వైపు చిన్న రైతులు తలా ఒక బండి పెట్టుకోలేక, నలుగురి కాయా కలిపి ఒకే లారీకి ఎత్తుతారు. అన్న లారీలో నాలుగిళ్ల తోతాపురి మామిడి ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న సంగతే, లెక్క రాసేటప్పుడు నాకు తట్టనేలేదు.

"మూడు దినాలాయప్పా ఈడ. పొద్దున వచ్చిన ట్రాక్టర్లు మాపటికి దించుకోని పోతాండాయి. మమ్మల్ని ఎనక్కి నెడతానే ఉండారు. కంప్యూటర్ లెక్కంట. నీకు తెలుసు గదా ఇట్లాటివి, ఒక మాట సెప్పు."

ఆ లెక్క నాదేనని చెప్పలేదు. మేనేజరుకు ఫోన్ చేసి, వరుస కాస్త మార్చలేమా అన్నాను. "మీరిచ్చిన పద్ధతే గదా సార్, ఇప్పుడు మారిస్తే గేటు కాడ గలాటా అయితాది" అన్నాడు. గట్టిగా అడగలేకపోయాను. అడిగితే నా లెక్క తప్పని ఒప్పుకోవాలి.

నాలుగో రోజు, కాయ మెత్తబడిందని లారీని గేటు దగ్గరి నుంచే తిప్పి పంపేశారు. నేను వెళ్లేసరికి అన్న, మిగతా ముగ్గురూ లారీ మీద నిలబడి పారలతో కాయల్ని రోడ్డు పక్కకు తోస్తున్నారు. పులిసిన వాసన. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

"నువ్వేం సేస్తావులేప్పా. ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగు" అన్నాడు అన్న. తాగాను.

సీజను ముగిశాక మేనేజరు పట్టిక పంపాడు. సగటు ఎదురుచూపు బాగా తగ్గింది. అందులో అన్న లారీ కోసం వెతికాను. లేదు. సరుకు దించిన బండ్లనే లెక్కపెట్టారు. దించకుండా తిరిగిపోయిన లారీ అక్కడ ఒక్క గంట కూడా కాచుకోనట్టే.

ఆ పట్టికను అలాగే నా పేపర్లో పెట్టాను. అది అచ్చయింది. అన్నకు ఇంతవరకూ చెప్పలేదు.