బుచ్చిబాబు గారి స్క్రూడ్రైవర్

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో బుచ్చిబాబు గారు స్క్రూడ్రైవర్ లేకుండా గడప దాటిన రోజు లేదు. తిరిగే వస్తువేది కనపడినా స్క్రూడ్రైవర్ కొస దానికి ఆనించి, పిడిని చెవికి అదుముకుని, కళ్లు మూసుకుంటారు. ముప్పై ఆరేళ్లు వర్క్‌షాపులో బేరింగులు విప్పిన ఫిట్టరు. రిటైరయ్యాక ఊళ్లో ఫ్యాన్లన్నీ తన రోగులే అనుకున్నారు. ఒక పెళ్లిలో ఆయన మండపం ఫ్యాను పరీక్ష ముగించేదాకా పురోహితుడు మంత్రం ఆపి కూర్చున్నాడు. తీర్పులు రెండే: "బాగానే ఉంది" లేదా "ఏడుస్తంది".

ఒక మధ్యాహ్నం క్వార్టర్ల పంపు దగ్గర ఆ రెండో తీర్పు విని మనస్వినికి నవ్వు రాలేదు. ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పరిశోధన చేస్తున్న వరంగల్ అమ్మాయి. నలభై ఇళ్లకు నీళ్లిచ్చే పంపు మోటారుకు కంపనాలు కొలిచే సెన్సర్ అంటించి, సాయంత్రంలోగా 'క్షేమం' అని రాసివ్వాలి. రాసిస్తే వేసవి వెళ్లేదాకా దాన్నెవరూ విప్పరు.

"ఏడుస్తంది," అన్నారు బుచ్చిబాబు గారు.

"లేదు అంకుల్. గ్రాఫ్ సాఫ్‌గ ఉంది, చూడుండ్రి."

"గ్రాఫుకేటి తెలుస్తాదమ్మా? సన్నగా, కీసుగా ఏడుస్తంది. మే నెల్లో పట్టేసిందంటే నలభై ఇళ్లోళ్లూ బిందెలట్టుకుని ఈదిన పడాల."

కీసుగా అన్న మాట దగ్గర ఆమె పెన్ను ఆగింది. అక్కర్లేని గోల రాకుండా తనే ఫిల్టర్ పెట్టింది, సెకనుకు అయిదువందల కంపనాల దగ్గర. ఆ ఫిల్టర్ గోడలా అడ్డుకోదు, వాలులా దిగుతుంది. అది దాటాక కంపనాలు రెట్టింపైనప్పుడల్లా బలం సగమవుతుంది. నాలుగువేల దగ్గర ఏడ్చే బేరింగు ఏడుపు ఎనిమిదో వంతై, గ్రాఫులో కనపడకుండా పోతుంది. సెన్సర్ చెవిలో దూది పెట్టింది తనే. మనస్వినికి సిగ్గేసింది.

ఫిల్టర్‌ను పదివేలకు జరిపింది. నాలుగువేల దగ్గర గీత ముల్లులా లేచింది. మోటారు విప్పితే బేరింగు రింగు మీద పెచ్చు ఊడి ఉంది.

"మీ చెవులు గొప్పవి అంకుల్," అంది, వాళ్లింట్లో టీ తాగుతూ.

ఆయన భార్య కోటేశ్వరి గారు పకపకా నవ్వారు. "ఈయనకి ఇనపడ్డమేటమ్మా! కుక్కరు కూత ఇనపడక మూడుసార్లు పప్పు మాడిసినారు. సన్న శబ్దాలు ఇంక రావని డాక్టరు సెప్పి పదేళ్లయినాది."

బుచ్చిబాబు గారు స్క్రూడ్రైవర్ వంక చూసుకున్నారు.

"పంపు పక్కింట్లో జోగమ్మని ఉందమ్మా, ఒక్కర్తీ. నెల్లాళ్లుగా ఏడుస్తందని సెప్తంది. ముసల్దాని సాదస్తం అన్నారు. అదే నాను ఇది ఆనించి సెప్తే, ఫిట్టర్ మాటని ఇంటారు."

"మరి అందరి ఫ్యాన్లూ..."

"పరీచ్చకి కాసేపు కూకోవాల కదా. ఆ కాసేపట్లో ఇంట్లోవోళ్లు ఏటో ఒకటి సెప్పుకుంటారు."

మనస్విని మళ్లీ పెన్ను తీసింది. రిపోర్టులో ఒక వాక్యం చేర్చింది: లోపాన్ని మొదట గుర్తించినవారు జోగమ్మ గారు.

ఆ కాగితం చూపిద్దామని ఆదివారం జోగమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ బుచ్చిబాబు గారు టేబుల్ ఫ్యానుకు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నారు. జోగమ్మ పెద్ద కోడలి సంగతి చెబుతోంది. కరెంటు పోయి అప్పటికి గంట. మనస్విని చప్పుడు చేయకుండా పీట లాక్కుని కూర్చుంది.