మూత పెట్టి వదిలేసిన బీకరు

మా పై వాటాలో ఉండే అమ్మాయిని వీధిలో అందరూ పొడులావిడ అంటారు. పరిశోధనశాలలో పందొమ్మిదేళ్లుగా ఆమె పని పొడులు చేయడమే. మొదటిసారి ఆ తెల్లపొడి సీసా చూపించినప్పుడు, మా ఆయన కదిలే పన్నుకి పనికొస్తుందా అని అడిగాను. “పళ్లపొడిలోనూ ఇదే వేస్తారు పిన్నిగారూ, గోడల రంగులోనూ వేస్తారు” అని నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ కళ్లలో మళ్లీ నీళ్లు చూడలేదు నేను. భర్త పోయి ఆరు నెలలైంది. పదిహేను రోజులు ఆస్పత్రిలో ఉండి పోయాడు. ఆ తర్వాత మూడు రోజులకే ఆమె పనిలోకి వెళ్లిపోయింది. పలకరిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది. అంతే.

ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పుల జత పక్కన పెట్టుకుని కూర్చుంది. లోపలికి పోవాలన్న ధ్యాస లేదు. నేను ఊరుకునే మనిషినా! పక్కన కూలబడ్డాను.

“ఏమైందే?”

“ఆ పొడి మళ్లీ రావట్లేదు పిన్నిగారూ.”

ఆరు నెలల కిందట చేసిన ఒక పొడిని నీలం రంగు నీళ్లలో కలిపి ఎండలో పెడితే, అరగంటలో నీళ్లు తేటబడ్డాయట. వాళ్ల ప్రొఫెసరు ఆ సంగతి పరిశోధన పత్రికలో వేయించాడు. వేరే పరిశోధనశాల వాళ్లు అలాగే చేసి చూస్తే గంటన్నర పట్టింది. ఈమె ఆరుసార్లు చేసినా అంతే.

“నెల రోజుల్లో రాకపోతే, మేం రాసింది తప్పని ప్రొఫెసరుగారు పత్రికకి ఉత్తరం పంపేస్తారట. నోటుబుక్కులో సంతకం నాది. రేపట్నుంచి నా చేతి పొడి ఏదీ ఎవరూ నమ్మరు.”

ఈ మాటలు కూడా ఆమె బస్సు టైము చెప్పినట్టే చెప్పింది.

“అవే సరుకులు, అదే చెయ్యి, ఎందుకు రాదు? మొదట్నించీ చెప్పు.”

“అన్నీ నోటుబుక్కులో ఉన్నాయండీ.”

“నోటుబుక్కుని కాదమ్మాయ్, నిన్ను అడుగుతున్నా.”

చెప్పింది. లోహం కలిసిన ద్రవాన్ని స్పిరిట్‌లోకి చుక్క చుక్కగా వదలాలి. అడుగున అయస్కాంతపు బిళ్ల గిరగిరా తిరుగుతుంటుంది. నీళ్లలా ఉన్నది కాసేపటికి జిగురెక్కి, బీకరు వంచినా కదలకుండా బిగుసుకుంటుంది. పైన పల్చని కాగితం కట్టి, సూదితో నాలుగు చిల్లులు పొడిచి, రెండు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. తర్వాత నెమ్మదిగా ఆరబెట్టాలి. తొందరపడితే బీటలిస్తుంది. ఆరాక కొలిమిలో కాలిస్తే తెల్లపొడి.

“అప్పటి బీకరుకి కాగితం కట్టాక నువ్వేం చేశావు?”

“రెండు రోజులుంచి ఓవెన్‌లో...” అంటూ ఆగిపోయింది. “కాగితం కడుతుండగా ఫోనొచ్చింది పిన్నిగారూ.”

“ఎవరు చేశారు?”

“మా ఆయన ఆఫీసు వాళ్లు. ఆయన పడిపోయారని.”

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

“ఎప్పుడూ రెండు రోజులే కదా అని, ముందే రాసేసే అలవాటు. రెండని రాసి, సంతకం పెట్టేసి ఆస్పత్రికి పరిగెత్తాను. తిరిగొచ్చాక చూస్తే బీకరు అరలోనే ఉంది. తీసి ఓవెన్‌లో పెట్టాను.” వేళ్లు మడిచి లెక్కపెట్టింది. “పద్దెనిమిది రోజులు.”

మర్నాడే ప్రొఫెసరుకి చెప్పింది. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడట. “గుర్తు రాలేదు సార్” అందట.

కొత్త బీకరు పెట్టింది. నేను రోజూ గేటు దగ్గరే పట్టుకునేదాన్ని.

“ఎవరూ కదపలేదు కదా?”

“లేదండీ.”

“నువ్వేమైనా తిన్నావా?”

“తిన్నానండీ.”

పద్దెనిమిదో రోజున మాత్రం “ఇవాళ తీశాను” అని తనే చెప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు. నా చేతిలో అలా ఉండనిచ్చింది.

ఆరడానికీ కాలడానికీ ఇంకో వారం పట్టింది. ఆ తర్వాత ఒక సాయంత్రం వచ్చి, “ముప్పై రెండు నిమిషాలు” అంది.

“అంటే వచ్చినట్టేనా?”

“వచ్చినట్టే. పొడిని పరీక్షించిన గ్రాఫులో గీతలు కూడా అప్పటిలాగే లేచాయి. తప్పని కాదు, రెండు బదులు పద్దెనిమిది అని సవరణ పంపుతున్నారు.”

“మరి నీ నోటుబుక్కో?”

“చెరపకూడదండీ. రెండు మీద ఒక గీత గీసి, పక్కన పద్దెనిమిది వేసి, కారణం రాసి, సంతకం పెట్టాలి.”

“ఏం రాశావే కారణం?”

“సెలవు అని.”

“అంతేనా?”

“కారణం రాసే గడి చిన్నది పిన్నిగారూ.”

కుళాయి వచ్చిందా అని అడిగి, బకెట్టు తీసుకుని పైకి వెళ్లిపోయింది.