మొక్కి మొదలుపెట్టే రోబో

బెంగళూరు పక్కన హొసకోటె దగ్గర బైకుల హెడ్‌లైట్లు చేసే ఫ్యాక్టరీలో నేను పనిచేస్తున్నప్పుడు, మనిషి ఎత్తు రోబో ఒకటి వచ్చింది. దానికి ప్రోగ్రాం రాయనక్కర్లేదట, ఎవరైనా పని చేసి చూపిస్తే చాలట, నేర్చుకుంటుందట. చూపించేది ప్యాకింగ్‌లో పనిచేసే అక్క. రికార్డు చేసేది నేను.

అక్కది కె.ఆర్.పురం. తాతల నాడే వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఏళ్ళ తరబడి నిలబడి డబ్బాలు సర్దీ సర్దీ మోకాళ్ళు అరిగిపోయాయి. ట్రయల్ నెగ్గితే రోబోకి పని నేర్పే ఉద్యోగం ఆమెకే ఇస్తామన్నారు. అది కూర్చుని చేసే ఉద్యోగం. నెగ్గకపోతే రోబో వెనక్కి, అక్క మళ్ళీ లైన్‌లోకి. ఇంకో ఏడాది నిలబడడం తన వల్ల కాదని నాతో ఒకసారి అంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

అక్క సెన్సర్ల గ్లౌజులు తొడుక్కుని హెడ్‌లైటు తీసి డబ్బాలో పెట్టేది. నేను స్టార్ట్ అంటే మొదలు, స్టాప్ అంటే ఆపు, మళ్ళీ ఇంకోటి. అలా చాలా చూపించాక రోబోని వదిలాం. అది ముందు రెండు చేతులూ బల్లకు తాకించింది. వాటిని మొహం దాకా తెచ్చి, కళ్ళున్న చోట ఉండే కెమెరాలకు అద్దుకుంది. అప్పుడుగానీ హెడ్‌లైటు తియ్యలేదు. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే.

నాకు నవ్వాగలేదు. బల్లకు మొక్కకుండా పనిలో చెయ్యి పెట్టడం అక్క వంశంలోనే లేదు. మామూలుగా పొద్దున ఒక్కసారే మొక్కేది. కానీ నేను స్టార్ట్ అన్న ప్రతిసారీ ఆమెకు కొత్తగా పని మొదలైనట్టే లెక్క, మళ్ళీ మొక్కేది. నేనూ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తెరిచే ఇంటిదాన్నే కనక, ఎదురుగా జరుగుతున్నా నాకు అది వింతగా అనిపించనే లేదు.

మళ్ళీ రికార్డు చేసే వ్యవధి లేదు. మర్నాడే ట్రయల్ చూడడానికి ఫ్యాక్టరీ పెద్ద సారు వచ్చారు. రోబో భక్తిగా మొక్కింది, సర్దింది, మళ్ళీ మొక్కింది. ఒక్క లైటూ పగల్లేదు గానీ పని మాత్రం నత్తనడక. ఇదేమిటని సారు నన్ను అడిగారు. కెమెరాలో ఏదో సమస్య ఉన్నట్టుందని గొణిగాను. అక్క నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది.

"నేను మొక్కేది చూసి నేర్చుకొనుండాది సార్. దాని తప్పేం లేదు. నేర్పిచ్చింది నేనే గదా, మాన్పిచ్చేదీ నేనే."

సారు పెదాలు బిగబట్టి ఇంకో రెండు మొక్కులు చూశారు. మూడోదానికి నవ్వేశారు. నేర్పుతున్నానని తెలియకుండానే ఇంత నేర్పిన మనిషి, తెలిసి నేర్పితే ఇంకెంత నేర్పుతుందో అన్నారు. మర్నాటి నుంచే అక్కను ఆ పనిలో వెయ్యమని సూపర్‌వైజర్‌కు చెప్పి వెళ్ళారు. అక్క కన్నా ముందు నా కళ్ళు తడిశాయి.

సాయంత్రం ఇద్దరం బస్సెక్కాం. బస్సు కిటకిటలాడుతోంది. సీటు దగ్గర అక్క కన్నతల్లినైనా ఖాతరు చెయ్యదు. మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్ళి, ఖాళీ అయిన ఒక్క సీటూ పట్టింది. పట్టి, నన్ను లాగి అందులో కూర్చోబెట్టింది. మరి నీ మోకాళ్ళో అని లేవబోయాను. భుజం పట్టి నొక్కేసింది.

"కూర్చో పాపా. రేపట్నుంచి దినమంతా కూర్చునేదే గదా నా పని."