డెబ్బై అడుగుల తాడు

2022 మే నెల. అమెరికాలో జార్జియా రాష్ట్రం దక్షిణ కొసన, కంబర్లాండ్ ద్వీపం పక్కన లంగరు వేసుకొని ఉన్నాం. యాభై నాట్ల వేగంతో గాలి. తాటిచెట్టంత కెరటాలు.

కెరటాల మాట కొట్టేయండి. ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న ఆ పాయలో కెరటం మనిషి నడుము దాటదు. గాలి కూడా ముప్పై, మహా అయితే ముప్పై రెండు. ఈ వయసులో నా నోట్లో అంకెలు వాటంతట అవే పెరుగుతుంటాయి. కానీ ఒక కుటుంబం ప్రాణాల మీదికి వచ్చింది సరిగ్గా ఆ పెరుగుదల వల్లే కాబట్టి, ఈ ఒక్కసారికి ఒళ్ళు దగ్గర పెట్టుకొని రాస్తాను.

నాది చార్టర్ పని. సెలవులకు వచ్చినవాళ్ళను నా ముప్పై ఆరడుగుల తెరచాప పడవలో ఎక్కించుకొని, రెండు మూడు రోజులు దీవుల వెంట తిప్పి తీసుకొస్తాను. ఎక్కినవాళ్ళకు మొదట చెప్పే మాట, "ముప్పై ఏళ్ళు సముద్రం మీద." అబద్ధం కాదు. ఆ ముప్పై ఏళ్ళూ సరుకు ఓడ అడుగున, ఇంజన్ రూములో గడిచాయనీ, లంగరు వేసేది పైన డెక్ మీది వేరే మనుషులనీ మాత్రం చెప్పను. తెలుగువాళ్ళతో నాకొక సుఖం ఉండేది. నెరిసిన గడ్డం చూసి అంకుల్ అంటారు. అంకుల్ అన్నాక ఎదురు ప్రశ్న వేయరు.

ఆ వారం వచ్చినవాళ్ళు అదే రాష్ట్రంలోని కమ్మింగ్ అనే ఊరి నుంచి. కిరణ్, అతని భార్య స్రవంతి, కిరణ్ వాళ్ళమ్మ. భార్యాభర్తలిద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్రవంతి టెస్టింగ్ చేస్తుంది. పెద్దావిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, ఈత రాదు. కింద నేను, పైన కొడుకు పట్టుకొని పడవ ఎక్కించాం. క్యాబిన్‌లోకి నాలుగు మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. దిగి కూర్చుని, "ఇక ఒడ్డు చేరేదాకా నన్ను కదపకండి అన్నయ్యగారూ" అంది.

లంగరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. లంగరు తన బరువుతో పడవను ఆపదు. తాడు పొడుగ్గా, నేలకు దాదాపు అడ్డంగా సాగి లాగితేనే అది బురదలో గుచ్చుకుంటుంది. తాడు పొట్టిదైతే నిటారుగా లాగి, లంగరును ఊడబెరుకుతుంది. నీటి లోతుకు తాడు ఎన్నింతలు ఉందో చెప్పే లెక్కను స్కోప్ అంటారు. మామూలు రోజుల్లో ఐదింతలు చాలు, గాలివాన వచ్చేట్టుంటే ఏడింతలు కావాలి. జార్జియా తీరంలో పోటుకు నీరు ఏడడుగుల దాకా లేస్తుంది. అందుకని లంగరు వేసిన క్షణంలోని లోతు కాదు, పోటు వేళ లోతు చూడాలి. దానికి పడవ ముక్కు నీటిమీద ఎంత ఎత్తుందో కూడా కలపాలి. ఈ పాఠమంతా, ఇంజన్ నడపడంతో సహా, ఆ పొద్దున స్రవంతికి కాఫీ తాగుతూ నేనే గొప్పగా చెప్పాను.

చెప్పి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, నీరు బాగా తీసి పన్నెండడుగులే ఉన్నప్పుడు, డెబ్బై అడుగులు వదిలి ఊరుకున్నాను.

కారణం విండ్‌లాస్, అంటే లంగరును పైకి లాగే మోటారు. నెల రోజులుగా అది పనిచేయడం లేదు. ఎంత తాడు వదిలితే అంతా మర్నాడు చేత్తో లాగాలి. నా కుడి భుజం నొప్పి. మోటారు బాగుచేయించకపోవడానికి మాత్రం భుజం కారణం కాదు, బద్ధకం.

నాలుగున్నరకు పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గాలి మమ్మల్ని ద్వీపం వైపు తోస్తోంది. వెనక, ద్వీపం అంచున, ఆల్చిప్పల తిన్నె ఉంది. పోటుకు నీళ్ళ కింద దాక్కుంటుంది. కత్తుల్లాంటి చిప్పలు. ఈ గాలిలో పడవ దాని మీద రెండుసార్లు పడితే అడుగు చీలుతుంది. పడవ ఒరిగితే, పెద్దావిడను ఆ నాలుగు మెట్ల మీదుగా పైకి తేవడం మా ముగ్గురి వల్లా కాదు.

నీటిలో పడవలకు దారి చూపే ఎర్ర మార్కర్ స్తంభం వైపు చూస్తూ స్రవంతి మొగుడితో మెల్లగా అంటోంది. "కిరణ్, ఆ ఎండిపోయిన చెట్టు చూడు. ఇందాక రెడ్ మార్కర్ వెనకాలే ఉండింది. ఇప్పుడు పక్కకొచ్చింది. బోట్ మూవ్ అవుతోందేమో."

"అబ్బా, అంకుల్‌కి తెలీదా? థర్టీ ఇయర్స్ సముద్రంలో ఉన్నారు. ఊరుకో, ఆయన ఫీలవుతారు."

విన్నాను. విననట్టు టీ తాగాను. ఆ థర్టీ ఇయర్స్ అన్న మాట టీ కంటే బాగుంది.

కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు. దగ్గరికి వచ్చింది. "అంకుల్, ఏమనుకోకండి. రోప్ ఎంత వదిలారు?"

"నూటయాభై అమ్మా." నోరు తెరవగానే వచ్చేసింది.

"ఇప్పుడు నీళ్ళు ఎయిటీన్, ముక్కు ఫోర్... ట్వంటీ టూ. ఆల్మోస్ట్ సెవెన్ టైమ్స్." మొహం తేటపడింది. "అంత రోప్ ఉంటే బోట్ అటూ ఇటూ తిరుగుతుంది కదా, అందుకే చెట్టు జరిగినట్టు అనిపించింది. సారీ అంకుల్, ఊరికే డౌట్ పడ్డాను."

ఆమె తిరిగి వెళ్ళి కూర్చుంది. నేను చెట్టు వంక చూశాను. మార్కర్ నుంచి ఇంకా దూరం జరిగింది. అసలు లెక్క మూడింతలే.

తాడు చూసొస్తానని ముక్కు దగ్గరికి పాకుతూ వెళ్ళాను. తాడు మీద చేయి వేస్తే వణుకు తెలిసింది. లంగరు గుచ్చుకోలేదు, నేల గీరుకుంటూ వస్తోంది. దీన్ని డ్రాగ్ అంటారు. చడీచప్పుడు లేకుండా మిగతా తాడు వదిలేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చోవచ్చా అని నిజంగా ఆలోచించాను. కుదరదు. జారుతున్న లంగరు మీద బరువు తగ్గాలంటే ఒకరు ఇంజన్‌తో పడవను ముందుకు పట్టాలి. ఆ పట్టే మనిషికి తాడు పొడవు తెలియాలి. నూటయాభై ఉందనుకొని ముందుకు దూసుకొస్తే తాడు పడవ కిందికి పోయి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. అప్పుడు ఇంజనూ ఉండదు, లంగరూ ఉండదు.

"కిరణ్, అమ్మకి లైఫ్ జాకెట్ వెయ్యి! స్రవంతీ, ఇంజన్ స్టార్ట్ చెయ్! మెల్లగా ముందుకి, నలభై అడుగులు దాటకు!"

"ఫార్టీ ఎందుకు అంకుల్? వన్ ఫిఫ్టీ ఉంది కదా, ఇంకా రావచ్చు!"

వాన మొదలైంది. గొంతు చించుకోవాల్సి వచ్చింది. "లేదమ్మా! డెబ్బై! డెబ్బై అడుగులే వదిలాను!"

చుక్కాని చక్రం దగ్గర స్రవంతి వంగి నా వైపు చూసింది. తర్వాత అదే గొంతు, కానీ అంకుల్ అన్న మెత్తదనం పోయింది. "ఇదైనా నిజమేనా? కరెక్ట్‌గా చెప్పండి!"

"ఒట్టు!"

కింది నుంచి పెద్దావిడ కేకేసింది. "కోడలు అడిగితే ఉన్నది చెప్పేయండి అన్నయ్యగారూ! నేను దాచడం ఎప్పుడో మానేశాను!"

స్రవంతి పడవను సరిగ్గా నేను చెప్పినంతే తెచ్చి పట్టుకుంది. నేను తాడు వదలడం మొదలుపెట్టాను. పాతికడుగులకొకటి కట్టిన రంగు పీలికలు చేతుల్లోంచి జారిపోతున్నాయి. ఇంకో ఎనభై అడుగులు వదలడమంటే తిన్నె వైపు ఎనభై అడుగులు జరగడమే. అప్పుడూ పట్టకపోతే మరో అవకాశం లేదు. నూటయాభై దగ్గర కట్టేశాను. పడవ వెనక్కి పోయింది, పోయింది, ఒక్క కుదుపుతో ముక్కు గాలికి ఎదురు తిప్పుకొని నిలబడింది. స్రవంతి చెట్టునూ మార్కర్‌నూ మార్చి మార్చి చూస్తూనే ఉంది. "ఆగింది" అని ఆమె అనేదాకా నేను తాడు మీద చేయి తీయలేదు.

గాలివాన ఇరవై నిమిషాల్లో దాటిపోయింది. తిన్నెకు ఒక్క పడవ పొడవులో ఆగామని మామూలుగా చెబుతుంటాను. నిజానికి నాలుగు పడవల పొడవు.

బట్టలు మార్చుకొని అందరం క్యాబిన్‌లో కూర్చున్నాక ఇంజన్ రూము సంగతీ, విండ్‌లాస్ సంగతీ అన్నీ చెప్పేశాను. కిరణ్ భార్య వైపు తిరిగి, "నేనే నిన్ను ఊరుకోమన్నాను" అన్నాడు. ఆమె తల తుడుచుకుంటూ నాతో అంది.

"నేను కరెక్ట్‌గానే చూశాను అంకుల్. మీరు నంబర్ చెప్పాక నా కళ్ళదే తప్పనుకున్నాను. పైగా సారీ కూడా చెప్పాను."

ఆమె కేకలేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. కేకలకు నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. "ఆ సారీ నాది తల్లీ" అన్నాను, అంతే.

గాలి గురించో, నా గతం గురించో నాలుగు ఎక్కువ చెబితే వినేవాళ్ళకు కాసేపు కాలక్షేపం. కానీ అవతలి మనిషి తన చూపును సరిచూసుకోవడానికి అడిగిన అంకెను పెంచితే, ఉన్న ఒక్క కంటినీ నేనే పొడిచినట్టు. ఆ వారమే విండ్‌లాస్ బాగుచేయించాను. ఇప్పుడు ఎవరైనా వచ్చి, "అంకుల్, రోప్ ఎంత వదిలారు?" అంటే వెంటనే జవాబివ్వను. "నీకేం కనిపించింది, ముందు అది చెప్పు" అంటాను. వాళ్ళు చెప్పేదంతా విని, వాళ్ళతో పాటు ముక్కు దగ్గరికి వెళ్ళి, పీలికలు వాళ్ళ చేతనే లెక్కపెట్టిస్తాను.