గంజి పెట్టిన గుడ్డ

మా వీధి వీడియో బాబాయి రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నాక, ముందురోజు పెళ్ళిలో వాడిన క్యామ్‌కార్డర్‌ను ఒళ్ళోకి తీసుకునేవాడు. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, చిన్న కుంచెతో సందుల్లో దుమ్ము దులిపి, చివరికి మెత్తటి గుడ్డతో లెన్సు తుడిచేవాడు.

"నన్నెప్పుడైనా అంత సుతారంగా చూశారా?" అనేది ఆయన భార్య, మా పిన్ని.

"నువ్వు కిందపడితే నన్ను తిట్టుకుంటూ లేస్తావు. ఇది లేవదే!"

ఒకరోజు టైలరు గారమ్మాయి పెళ్ళికి బయల్దేరబోతూ చూస్తే లెన్సు మీద ఎవరిదో వేలిముద్ర ఉంది. తుడుద్దామంటే గుడ్డ అట్టలా బిగిసి ఉంది. పాపం, పిన్ని దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ కూడా చేసింది. దానితో తుడిస్తే లెన్సు మీద గీతలు పడతాయి. వద్దంటే ఆవిడ మొహం చిన్నబోతుంది.

"ఎలా ఉందండీ?" అంది పిన్ని మురిసిపోతూ.

"నిలబెడితే నిలబడేలా ఉందే!" అంటూ బాబాయి దాన్ని పైకి కనబడేలా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పెళ్ళిలో పదిమందీ చూడాలి దీన్ని. నాకో చిన్న సాయం చేసిపెట్టు. నీ కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ ఈ పూటకి ఇవ్వవూ?"